ఓడను రైలెక్కించారు

రచయిత్రి జీవితంలో ఎన్నడూ ఓడ ఎక్కలేదు. హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరైంది. సముద్రం గురించి ఆమెకు తెలిసిందంతా క్లాసు గోడకు వేలాడే పటాల్లోంచీ, లైబ్రరీ పుస్తకాల్లోంచీ వచ్చిందే. అయినా ఆమె రాసిన 'ఉప్పుగాలి దీవి' వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజుల్లో, ఓడల్లో పనిచేసేవాళ్ళు కూడా మీరు ఏ ఓడలో చేశారండీ అని అడిగేవాళ్ళు. ఆమె జవాబిచ్చేది కాదు. అబద్ధం చెప్పడం ఇష్టంలేక కాదు, నిజం చెప్పడం ఇష్టంలేక.

ఆ నవల్లో సరుకుల ఓడ ఒకటి తుఫానులో మునిగిపోతుంది. ఏడుగురు ఈదుకుంటూ, చెక్కలు పట్టుకుంటూ ఒక బోడి దీవికి చేరతారు. కెప్టెన్ ఉంటాడు, ఇంజనీరు ఉంటాడు, ఓడ యజమాని అల్లుడు కూడా ఉంటాడు. కానీ అందర్నీ బతికించేది ఓడ వంటమనిషి. లావుపాటి మనిషి, యాభై దాటినవాడు, ఈత రాదు, చీకటంటే వణుకు. కథలో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. దీవిలో నిధీ లేదు. ఉన్న కాసిని నీళ్ళనీ వంటమనిషి సీసా మూతతో కొలిచి అందరికీ పోసి, తను ఆఖర్న తాగుతాడు. చివరికి దూరాన ఓడ పొగ కనబడ్డ పూటే అతను పోతాడు. ఆ వారం పత్రిక చదివి పెద్దా చిన్నా కళ్ళు తుడుచుకున్నారు.

అలా తుడుచుకున్నవాళ్ళలో ఒకాయన పెద్దయ్యాక నీళ్ళ మోటార్ల వ్యాపారంలో బాగా పైకొచ్చి, ఇక సినిమా తీయాలనుకున్నాడు.

రచయిత్రి చెల్లెలి కూతురితో కలిసి ఉంటోంది. ఆ అమ్మాయి పళ్ళ డాక్టరు. ఇంట్లో ముందు గది క్లినిక్కు, వెనక గదులు కాపురం. నిర్మాత మొదటిసారి వచ్చిన రోజు, తలుపు దగ్గరుండే నర్సు ఆయన్ని పేషెంటనుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆయన మొహమాటస్తుడు. ఏమీ అనకుండా వంతు వచ్చేదాకా కూర్చుని, కుర్చీ ఎక్కి, నోరు తెరిచి, ఏ పన్ను నొప్పి అని డాక్టరు అడిగాక అప్పుడు చెప్పాడు, తనకు పన్నేమీ నొప్పి లేదనీ, పెద్దమ్మగారితో పని ఉందనీ. ఆ సందులోనే డాక్టరు ఆయన నోట్లో రెండు పిప్పిపళ్ళు పట్టేసింది.

వెనక గదిలో కూర్చుని నిర్మాత నవల చివరి పేజీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు. పొగ కనబడ్డ చోటికి వచ్చేసరికి కళ్ళు తుడుచుకుని మంచినీళ్ళు అడిగాడు. రచయిత్రికీ కళ్ళు చెమర్చాయి. ఆ పుస్తకం మార్కెట్లో దొరక్కుండా పోయి చాలా ఏళ్ళయింది. ఎవరైనా అడిగితే ఆమే జిరాక్సు తీయించి ఇస్తోంది. అలాంటిది, ఒక మనిషి ఇంటికొచ్చి తన వాక్యాలు తనకే వినిపిస్తుంటే ఏం కావాలి?

"ఒక్క అక్షరం మార్చనండి. మారిస్తే నా చిన్నతనాన్ని నేనే చెడగొట్టుకున్నట్టు," అన్నాడాయన.

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నదే. అక్కడే వచ్చింది చిక్కంతా. అబద్ధాలాడేవాడైతే ఆమె మొదట్లోనే కనిపెట్టి ఉండేది.

సినిమా, బొమ్మల పుస్తకం, ఫోన్లో ఆడుకునే గేము, అన్నిటి హక్కులూ కలిపి ఆమె సంతకం పెట్టింది. డాక్టరు, గేము ఎందుకు పెద్దమ్మా అంటే, పిల్లలకు భూగోళం వస్తుందే అంది.

నెల తిరక్కుండా నిర్మాత దర్శకుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. దర్శకుడు కుర్రాడు. కుర్చీలో కూర్చున్నా కాళ్ళు మడిచే కూర్చుంటాడు, లోపల కూడా టోపీ తీయడు. అతనికి ప్రతి మాటా చేత్తో గాల్లో గీసి చెప్పడం అలవాటు. నవల అద్భుతమన్నాడు. చిన్న సంగతి, అన్నాడు. వంటమనిషి చచ్చిపోకూడదు. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, హీరోని పోగొట్టుకుని ఇంటికెళ్ళరట.

రచయిత్రి రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. మూడో నాడు, సరే, వాడు బతికితే నాకు మాత్రం చేదా అనుకుని ఒప్పుకుంది.

బతికిన వంటమనిషికి యాభై ఏళ్ళు ఎందుకన్నారు ఆ తర్వాత. ఇరవై ఎనిమిదైతే చాలన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళవాడికి లావెందుకు? లావు తగ్గాక భయమెందుకు? భయం పోయాక వంటెందుకు? ఒక్కో మార్పుకీ నిర్మాత స్వయంగా వచ్చేవాడు, చావు కబురు చెప్పడానికి వచ్చినట్టు తలవంచుకుని. నాక్కూడా బాధగానే ఉందండీ అనేవాడు. నిజంగానే బాధపడేవాడు. చివర్న ఎప్పుడూ ఒకే మాట: "ఆత్మ మాత్రం ముట్టుకోమండి."

"ఒళ్ళంతా పోయాక మిగిలేది ఆత్మే కదా," అంది డాక్టరు, ఆయన వెళ్ళాక.

మొత్తానికి వంటమనిషి కాస్తా వంటమనిషి వేషంలో తిరిగే నౌకాదళం రహస్య అధికారి అయ్యాడు. ఎవరూ లేని దీవిలో దొంగసరుకు ముఠా ఒకటి వచ్చి చేరింది. ఏడుగురు పదకొండుమంది అయ్యారు, కారణమేమిటంటే నిర్మాత వైపు బంధువులకు నటన మీద ఆసక్తి ఉంది. అయినా సముద్రమంటూ ఉంది కదా అని రచయిత్రి సర్దుకుపోయింది.

అప్పుడు తెలిసింది, హీరోకి నీళ్ళంటే భయమని. చిన్నప్పుడు బావిలో పడ్డాడట. ఇంతవరకూ అతని సినిమాల్లో ఈత కొట్టే సీన్లన్నీ స్టూలు మీద బోర్లా పడుకోబెట్టి తీసినవేనట. రచయిత్రికి ఇది విని కాస్త ఆశ పుట్టింది. భయపడే హీరో దొరికాడుగా, అచ్చం నా వంటమనిషే కదా, ఆ భయాన్నే తీయండి అంది. దర్శకుడు ఉలిక్కిపడ్డాడు. ఆ మాట బయటికి పొక్కితే అభిమానులు థియేటర్లు తగలబెడతారన్నాడు. అంచేత సముద్రాన్ని తీసేసి ఎడారి పెట్టారు. ఓడ బదులు ఒంటెల గుంపు. ఎడారి కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. ఎండకు హీరో మేకప్ కరిగిపోతోందని తేలింది. అదే సమయంలో స్టూడియోలో వేరే కంపెనీవాళ్ళు పెద్ద రైలు సెట్టు వేసి, సినిమా ఆగిపోయి, వదిలేసి పోయారు. నీడపట్టున ఉంది, ఫ్యాన్లు కూడా ఉన్నాయి. అలా ఓడ రైలయింది. సినిమాకి 'నిప్పుల పట్టాలు' అని పేరు పెట్టారు.

ఆ రోజుల్లోనే దర్శకుడికి జ్ఞానదంతం లేచింది. రాత్రింబగళ్ళు ఓర్చుకుని, ఇక లాభంలేక ఈ క్లినిక్కుకే వచ్చాడు. డాక్టరు మత్తు ఇంజెక్షనిచ్చి, నోట్లో దూది కుక్కి, మత్తు ఎక్కేదాకా కదలొద్దని చెప్పి చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. ఇదే అదనని రచయిత్రి లోపలికొచ్చి, స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది. అతను మాట్లాడలేని స్థితిలో దొరకడం అదే మొదటిసారి.

"బాబూ, ఒక్కటి అడుగుతాను. నా నవల చదివావా?"

దర్శకుడు కాసేపు పైన లైటు వైపు చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"సగం?"

మళ్ళీ అడ్డంగానే ఊపి, చూపుడువేలూ బొటనవేలూ దగ్గర పెట్టి కాస్తంత అన్నట్టు చూపించాడు. ఆమె ఆ వేళ్ళ మధ్య సందు చూసి, అట్ట ఒక్కటేనా అంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

పన్ను పీకించుకుని, మూతి ఒక పక్కకు వాలిపోయి ఉండగా, వెళ్ళేముందు అతనే ఆమె దగ్గరకొచ్చి నిలబడ్డాడు. సార్ చెబుతుంటే విన్నానండీ, ఆయన చెప్పే తీరుకే నాకు ఏడుపొచ్చింది, మళ్ళీ చదివితే ఆ ఫీల్ పోతుందేమోనని చదవలేదండీ అన్నాడు. మాట సరిగ్గా రాకపోవడం వల్లో ఏమో, ఆమెకు అతని మీద కోపం కూడా సరిగ్గా రాలేదు.

కానీ ఆ రాత్రి కూర్చుని ఆలోచించాక వచ్చింది. సినిమా పూర్తయ్యే వేళకు నిర్మాత తరఫు లాయరే ఫోన్ చేసి, నవల్లోది ఏమీ మిగల్లేదు కాబట్టి పేరు వేయాల్సిన అవసరం కూడా లేదేమోనండీ అని నసిగాడు. ఆమె, వేస్తే ఊరుకోనంది. అంతటితో ఆగక, పలకరించడానికొచ్చిన పత్రికావిలేఖరితో, "నా నవల్లోంచి వాళ్ళు తీసుకున్నది ఏడు అనే అంకె ఒక్కటే. అదీ తర్వాత పదకొండు చేశారు," అంది. ఆ మాట బాగా ప్రచారమైంది. పాత అభిమానులు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆ సినిమా చూడనుగాక చూడనని ఆమె అందరితో చెప్పింది.

సినిమా, బొమ్మల పుస్తకం, గేము ఒకే వారంలో విడుదలయ్యాయి. అప్పుడుగానీ ఇంకో సంగతి బయటపడలేదు. కథ మారినప్పుడల్లా ఆ కబురు గేము కంపెనీకి చెప్పినవాడు లేడు. బొమ్మలు వేసేవాళ్ళకు ఒకసారి చెప్పారుగానీ, రెండోసారి మర్చిపోయారు. గేము చేసినవాళ్ళ చేతిలో ఓడా, దీవీ ఉన్న తొలినాటి కథ ఉంది. బొమ్మల పుస్తకం చేసినవాళ్ళ దగ్గర ఎడారి కథ ఉంది. అందువల్ల 'నిప్పుల పట్టాలు' అనే పేరు మీద థియేటర్లో రైలు, పుస్తకంలో ఒంటెలు, ఫోన్లో సముద్రం వచ్చాయి. హీరో మొహం మాత్రం మూడింట్లోనూ ఒకటే. గేము ఆడిన పిల్లలు కొందరు పట్టాలు నీటి అడుగున ఉంటాయనుకుని వెతుక్కుంటూ మునిగి మునిగి ఆట ఓడిపోయారు. ఒక విమర్శకుడైతే, మనిషి ప్రయాణానికి గమ్యమే కాదు వాహనం కూడా భ్రమేనని ఈ మూడూ కలిసి చెబుతున్నాయని రెండు పేజీలు రాశాడు. దర్శకుడు ఆ వ్యాసాన్ని ఫ్రేము కట్టించుకున్నాడు.

సినిమా అంతంత మాత్రంగా ఆడుతుండగా రచయితల సంఘానికి ఒక ఫిర్యాదు వచ్చింది. పూర్వం బీమా కంపెనీలో పనిచేసిన ఒకాయన, సెలవు రోజుల్లో సాహస నవలలు రాసేవాడు. సొరంగంలో ఇరుక్కుపోయిన రైలు మీద ఆయన నవల ఒకటి ఉంది. ఈ సినిమా తన నవలకు దొంగ నకలనీ, ప్రదర్శన ఆపించాలనీ ఆయన కోరాడు. సంఘం పెద్దలు ముగ్గురు విచారణకు తేదీ వేశారు.

నిర్మాత పరిగెత్తుకుంటూ క్లినిక్కుకొచ్చాడు. ఈసారి నర్సు ఆయన్ని ఆపలేదు. ఆయన మొహం చూస్తే నిజంగానే పన్ను నొప్పిలా ఉంది. రచయిత్రి కాళ్ళ దగ్గర కూర్చోబోతే ఆమె వారించి కుర్చీ చూపించింది. ఆయన చెప్పిందేమిటంటే, ఆమె విచారణకొచ్చి, ఈ సినిమా నా నవలే అని ఒక్క మాట చెబితే చాలు. ఆవిడ ఇచ్చిన హక్కుల ప్రకారమే తీశామని రుజువైపోతుంది. అందుకు బదులుగా 'ఉప్పుగాలి దీవి'ని మళ్ళీ అచ్చువేయిస్తాడు. గట్టి అట్ట, మంచి కాగితం. అట్ట మీద హీరో బొమ్మ ఉండాల్సి ఉంటుంది, అదొక్కటే.

"ఒక్క అంకె తీసుకున్నారని ఊరందరికీ చెప్పావు కదా పెద్దమ్మా. ఇప్పుడు మొత్తం నాదేనంటావా?" అంది డాక్టరు ఆ సాయంత్రం.

గట్టి అట్ట అన్న మాట రచయిత్రి చెవిలో తిరుగుతోంది. జిరాక్సు కాగితాలు చదివినవాళ్ళు వాటిని దేనికి వాడతారో ఆమెకు తెలుసు. తన పుస్తకం పేజీలో పొట్లం కట్టిన మందుబిళ్ళలు ఒకసారి తన ఇంటికే వచ్చాయి.

విచారణ సంఘం హాల్లో జరిగింది. మడత కుర్చీలు, గోడకు తెల్ల తెర, మూలన ఒక్కోసారి ఆగి మళ్ళీ తనంతట తనే తిరిగే ఫ్యాను. అధ్యక్షుడు ఒకప్పుడు రంగస్థల నాటకాలు రాసినాయన, చెవుడు కాస్త ఉంది. ముందు నిర్మాత లాయరు లేచాడు. పూర్వం పేరే అక్కర్లేదన్న లాయరే ఇప్పుడు అక్షరం అక్షరం ఆమెదేనని నిరూపించాలి. వృత్తిధర్మం గొప్పది, అతను ఎక్కడా తడబడలేదు. ఓడ అంటే ఏమిటి, మనుషుల్నీ సరుకునీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్ళేది. రైలు చేసేదీ అదే. సముద్రం అంటే కిటికీలోంచి చూస్తే అటూ ఇటూ ఏమీ లేకపోవడం. రాత్రిపూట రైల్లోంచి చూసినా అంతే. నవల్లో వంటమనిషి లావు, సినిమాలో హీరోకి కండలు, ఇద్దర్నీ తూకం వేస్తే బరువు సమానం. నవల్లో అతను చనిపోతాడు, సినిమాలో విరామానికి ముందు అందరూ చనిపోయాడనుకుంటారు.

"మరి ఒంటెలో?" అని అడిగాడు అధ్యక్షుడు. ఆయన మనవడు బొమ్మల పుస్తకం కొన్నాడు.

అవి ఎడారి ఓడలండీ, అన్నాడు లాయరు.

రైలు రచయిత ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. ఇక్కడ ఒక చిక్కొచ్చింది. సినిమా చూశారా అని అధ్యక్షుడు అడిగితే, ఆయన చూడలేదన్నాడు. పోస్టర్ మీద రైలు చూసి ఫిర్యాదు చేశాడట. దొంగ సినిమాకి టిక్కెట్టు కొనడం ఇష్టంలేకపోయిందట. రచయిత్రినీ అదే ప్రశ్న అడిగారు. ఆమె చూడనని శపథం చేసిన మనిషి. కాబట్టి ముందు ఇద్దరూ చూడండని, దీపాలార్పి తెర మీద సినిమా వేశారు.

ఇద్దరు రచయితలూ పక్కపక్కన కూర్చుని చూశారు. మొదటి పాటకు రైలు రచయిత నిట్టూర్చాడు. రెండో పాట రైలు పైకప్పు మీద సాగింది. సొరంగం వచ్చినా ఎవరూ తల వంచలేదు. ఆయన రచయిత్రి వైపు వంగి, "అమ్మా, ఇది మీదే అయి ఉంటుంది," అన్నాడు. ఆమె మర్యాదగా, లేదండీ, రైలు కదా, మీదే అంది. పోరాటాలు వచ్చాయి, ముఠా వచ్చింది, నిర్మాత బంధువులు వచ్చారు. ఒక్కో సీనుకీ ఇద్దరూ ఒకరికొకరు కానుక ఇస్తున్నట్టు సినిమాని అటూ ఇటూ తోసుకున్నారు. అది చూస్తున్న లాయరు చెమట తుడుచుకున్నాడు. తన పార్టీ ఆస్తిని ఇద్దరు హక్కుదారులూ వద్దంటున్న కేసు అతనెప్పుడూ వాదించలేదు.

విరామం తర్వాత ఒక చోట రైలు ఆగిపోతుంది. పాటలేదు, మాటలేదు. హీరో ఒక నీళ్ళ సీసా మూత తీసి, ఆ మూతతోనే పిల్లలకు, తర్వాత ముసలివాళ్ళకు, తర్వాత మిగతావాళ్ళకు తలా మూతెడు పోస్తాడు. చివరికి సీసా తలకిందులు చేసి, పడిన రెండు చుక్కలు నాలుక మీద వేసుకుంటాడు. హాల్లో కుర్చీలు కిర్రుమనడం ఆగిపోయింది. నిర్మాత జేబురుమాలు తీశాడు. అన్నీ వదులుకున్నాడుగానీ, ఇదొక్కటి తీయకపోతే సినిమానే తీయనని దర్శకుడితో పట్టుబట్టాడట.

దీపాలు వేశాక రైలు రచయిత లేచాడు. సినిమా తనది కాదన్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. "కానీ ఆ నీళ్ళ సీను నాదే. నా నవల్లో టికెట్ కలెక్టరు సరిగ్గా అలాగే పోస్తాడు."

"అది నాది," అంది రచయిత్రి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

రెండు పుస్తకాలూ బల్ల మీదకు తెప్పించారు. ఒకటి గుండ్రంగా చుట్టుకుపోయిన జిరాక్సు. రెండింట్లోనూ సీసా ఉంది, మూత ఉంది, ముందు మిగతావాళ్ళు, ఆఖర్న పోసేవాడు. ఆమెది ముందు అచ్చయింది. అయినా రైలు రచయిత, తను ఆ సీరియల్ చదవలేదని నిజాయితీగానే చెప్పాడు. అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఇంతకీ మీకిది ఎలా తట్టిందమ్మా అని ఆమెను అడిగాడు. అందులో విచారణేమీ లేదు, పాత నాటకకర్త కుతూహలమే.

తట్టలేదండీ, జరిగింది అంది ఆమె. అని చెప్పసాగింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పిల్లల్ని బస్సులో కోట చూపించడానికి తీసుకెళ్ళింది. తిరుగుదారిలో కొండ మలుపు దగ్గర బస్సు చెడిపోయింది. మండుటెండ. దగ్గర్లో ఊరు లేదు. డ్రైవరు దగ్గర ఒక్క సీసా నీళ్ళున్నాయి. అతను మూతతో కొలిచి పోశాడు.

"పెద్దమనిషి," అన్నాడు నిర్మాత వెనకనుంచి.

"కాదండీ. బక్కపలచటి మనిషి, రోజంతా పిల్లల్ని తిడుతూనే ఉన్నాడు, సీట్ల మీద వాంతులు చేసుకున్నారని. నీళ్ళు కూడా ముందు తనే తాగాడు. గటగటా తాగాడు. నేను పడిపోతే బస్సెవరు బాగుచేస్తారు అన్నాడు. ఆ తర్వాతే పిల్లలకు పోశాడు." తన మాట తనకే అప్పుడే వినబడ్డట్టు, ఆమె బల్ల మీది జిరాక్సు వైపు చూసింది. "ఆఖర్న తాగడం నేను పెట్టాను. కథకి బావుంటుందని."

డ్రైవరులా ముందే తాగితే వంటమనిషి మీద జాలెవరికి కలుగుతుందీ అని ఆమె చెప్పలేదుగానీ, దర్శకుడు అర్థమైనట్టు తలూపాడు. ఆ ఊపు ఆమెకు నచ్చలేదు.

మొదట నవ్వింది రైలు రచయితే. మెడ దగ్గరి గుండీ విప్పుకున్నాడు. "అయితే నేను మీ దగ్గర్నుంచే తెచ్చానమ్మా. నా టికెట్ కలెక్టరు కూడా ఆఖర్నే తాగుతాడు. నాది నాకే తట్టి ఉంటే, నా సంగతి నాకు తెలుసు, వాడు ముందే తాగేవాడు." ఎప్పుడో ఏ క్షౌరశాలలోనో పాత పత్రికలో చదివి, మర్చిపోయి, సొంత ఆలోచన అనుకుని ఉంటానన్నాడు. ఆ మాటలో సిగ్గుకంటే ఉపశమనమే ఎక్కువ కనబడింది.

పెద్దలు ముగ్గురూ పక్క గదిలోకి వెళ్ళి టీ తాగి వచ్చారు. తీర్పు చిన్నది. సినిమాలో రైలు ఎవరిదీ కాదు. నీళ్ళ సీను రచయిత్రిది. దానికి ఆమె కల్పించిన మార్పే సాక్ష్యం. కాబట్టి సినిమా మొదట్లో మూలకథ అని ఆమె పేరు తప్పనిసరిగా వేయాలి.

ఆమె లేచి, నాకు వద్దండీ అంది. అధ్యక్షుడికి చెవుడు కదా, ధన్యవాదాలు చెబుతోందనుకుని నమస్కారం పెట్టాడు.

పేరు వేశారు. అప్పటికి సినిమా ఊరి చివరి రెండు థియేటర్లలోనే మిగిలింది. కానీ తర్వాత టీవీలో వచ్చింది, పండగ సెలవుల్లో పదే పదే వచ్చింది. ప్రతిసారీ మొట్టమొదట ఆమె పేరే, మంటల అక్షరాల్లో. పాత అభిమానులు ఫోన్ చేసి, మీరే ఇలా రాస్తారనుకోలేదమ్మా అన్నారు. రైలు పైకప్పు పాట ఎవరిదని ఒకావిడ నిలదీసింది. పుస్తకం మాత్రం అచ్చయింది, నిర్మాత మాట తప్పలేదు. అట్ట మీద రైలు. లోపల ఓడ. కొన్నవాళ్ళు కొందరు బైండింగు తప్పు జరిగిందని షాపులో తిరిగిచ్చేశారు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం నిర్మాతా దర్శకుడూ కలిసి వచ్చారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. బస్సు కథ తీద్దామన్నారు. సెట్టు అక్కర్లేదు, బస్సొకటి అద్దెకు తీసుకుంటే చాలు. ఈసారి జరిగింది జరిగినట్టు తీస్తామని నిర్మాత గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. దర్శకుడు గాల్లో బస్సు గీసి, ఆ డ్రైవరుకు అప్పట్లో ఎంత వయసుంటుందండీ అని అడిగాడు.

"యాభై," అంది రచయిత్రి. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "నలభై అనుకున్నా ఫరవాలేదు" అని, నాలుక కరుచుకుంది. ఇద్దరికీ టీ పోసి, అది ఇంకా నా దగ్గరే ఉండనివ్వండని చెప్పి పంపించేసింది. వెళ్తూ వెళ్తూ నిర్మాత క్లినిక్కులో ఆగి, ఆ రెండు పిప్పిపళ్ళూ పీకించుకున్నాడు.

అవాళ్టి నుంచి ఆమె రాయడం మొదలుపెట్టింది. ఓడ లేదు, తుఫాను లేదు. బస్సు, కొండ మలుపు, తిట్టే డ్రైవరు. కొట్టివేతలే ఎక్కువయ్యాయి. ఒక వాక్యం రాస్తుంటే డ్రైవరు మంచివాడైపోయేవాడు, మళ్ళీ పట్టి వెనక్కి లాగాల్సి వచ్చేది. పేషెంట్లకు మధ్య ఖాళీ దొరికినప్పుడు డాక్టరు వెనక గదిలోకి వచ్చి, రాసిందల్లా నిలబడే వినేది.

"తర్వాతేమైంది?" అని అడిగింది ఒక రోజు.

"బస్సు బాగైంది. ఇళ్ళకొచ్చేశాం."

"అంతేనా?"

"అంతే."

డాక్టరు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఆ నీళ్ళు అందరికీ వచ్చాయా పెద్దమ్మా?"

రచయిత్రి కలం మూత పెట్టి, మళ్ళీ తీసింది. "పిల్లలందరికీ వచ్చాయి. నా దగ్గరికొచ్చేసరికి సీసా అయిపోయింది. నాకు దాహం లేదన్నాను."

"నిజంగా లేదా?"

"చచ్చేంత ఉంది. పిల్లల ముందు ఎలా చెబుతాను? ఆ డ్రైవరు గొంతు కదలడం చూస్తూ, వీణ్ణి కొండ మీంచి తోసేస్తే బావుణ్ణనుకున్నాను. సాయంత్రం దాకా అదే అనుకుంటూ కూర్చున్నాను."

ముందు గదిలోంచి నర్సు పిలిచింది. డాక్టరు చేతి తొడుగులు లాక్కుంటూ, "అది రాయి," అంది.

రచయిత్రి అప్పటిదాకా రాసిన కాగితాలు పక్కకు పెట్టి, కొత్త కాగితం తీసి, మొదటి వాక్యంలోనే, డ్రైవరు నీళ్ళు తాగుతుండగా అతన్ని చంపాలనుకున్న ఒక టీచరు గురించి రాసింది.